గిరీశం నోరు, మన చెవులు



గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కంలో మన విశాఖపట్నం ఆలస్యంగా వస్తుంది. కథ విజయనగరంలో మొదలవుతుంది. కృష్ణరాయపురం అగ్రహారం, రామచంద్రపురం అగ్రహారం తిరిగి, కోర్టు గొడవలు బాగా ముదిరాక గాని ఈ ఊరు చేరదు. అప్పటికి ఇక్కడ హార్బరూ లేదు, ఉక్కు ఫ్యాక్టరీ లేదు. ఉన్నవల్లా కలెక్టరు కచేరీ, కోర్టులు, వాటిని నమ్ముకున్న వకీళ్ళు. విజయనగరం కూడా ఆ రోజుల్లో విశాఖపట్నం జిల్లాలో భాగమే. దానికి సొంత జిల్లా 1979లో గాని రాలేదు. కాబట్టి గిరీశం మన జిల్లావాడేనని ధీమాగా చెప్పుకోవచ్చు. అదేమన్నా గొప్ప సంగతా అని మీరడగొచ్చు. నేను ఈ పూట మాట్లాడబోయేది దాని గురించే.

ఆయనగారు చేసిన పనులు ఓసారి వరసపెట్టి చూడండి. సరుకులు తెమ్మని పూటకూళ్ళమ్మ నమ్మి ఇచ్చిన డబ్బు సరదాలకి తగలేశాడు. చదువు చెబుతానని ఒక కుర్రాడి ఇంట్లో చేరి, ఆ కుర్రాడి అక్క బుచ్చమ్మని లేవదీసుకుపోయాడు. భోగం మేళాలు కూడదని ఉపన్యాసాలిస్తూ మధురవాణి ఇంటికి రాకపోకలు సాగించాడు. అప్పు చేసినట్టు ఉంది గాని తీర్చినట్టు నాటకంలో ఎక్కడా లేదు. ఇలాంటి మనిషి మన పక్కవాటాలో అద్దెకి దిగితే మూడో నెలకల్లా ఇంటాయనతో చెప్పి ఖాళీ చేయిస్తాం. అదే మనిషి పుస్తకంలో ఎదురైతే, ఇంకో రెండు పేజీలు మాట్లాడితే బావుణ్ణనిపిస్తుంది. 1892లో విజయనగరంలో మొదటిసారి రంగస్థలం ఎక్కిన నాటి నుంచి ఇదే వరస. కన్యాశుల్కం చదవనివాళ్ళకి కూడా గిరీశం తెలుసు. ‘వాడొట్టి గిరీశంరా’ అంటే తిట్టు. కాకపోతే అన్నవాడు నవ్వుతూనే అంటాడు.

ఇది నాటకం కదా, నవలలా మాట్లాడుతున్నారేమిటి అనొచ్చు. నిజానికి మనలో చాలామంది దీన్ని చూసింది తక్కువ, చదివింది ఎక్కువ. 1897లో అచ్చయిన మొదటి కూర్పు చిన్నది. 1909లో గురజాడ దాన్ని తిరగరాసి, బాగా పెంచి, రెండో కూర్పు తెచ్చారు. ఆ రెండోదాన్ని ఉన్నదున్నట్టు ఆడాలంటే ఒక పూట చాలదు. అందుకే నాటక సమాజాలు ఎవరి వీలునిబట్టి వాళ్ళు కత్తిరించుకున్నారు. పడక్కుర్చీలో కూచుని, ఎక్కడ పడితే అక్కడ తెరిచి, చదివిందే మళ్ళీ చదువుకోవడం దీనికి సరిపడే పద్ధతి. హాస్యనవలలు చదివే పద్ధతి కూడా అదే.

తెర లేవగానే గిరీశం నిలబడి ఉన్న చోటు పేరు బొంకులదిబ్బ. గురజాడ కల్పించిన పేరనుకునేరు, విజయనగరంలో నిజంగానే ఉంది. అప్పులవాళ్ళ బాధ పడలేక ఊరు విడిచే ఆలోచనలో ఉన్నాడు మనవాడు. శిష్యుడు వెంకటేశం వస్తాడు. పరీక్ష పోయింది, ఇంటికెళ్తే తండ్రి చంపేస్తాడని కుర్రాడి భయం. ఇంతలో ఫొటోగ్రాఫు పంతులుగారి నౌకరు బాకీ కోసం దిగబడతాడు. మధురవాణితో కలిసి తీయించుకున్న ఫొటో అది. డబ్బివ్వలేదు. ఇప్పుడు గిరీశానికి రెండు పనులున్నాయి. నౌకర్ని పైసా ఇవ్వకుండా పంపించాలి, ఆ అవమానం శిష్యుడి కళ్ళ పడకుండా చూసుకోవాలి. మామూలు మనిషైతే చెమటలు పట్టి చిన్నబోతాడు. గిరీశం రెండూ చేస్తాడు. చేస్తూ మధ్యలో శిష్యుడికి పాఠం కూడా చెబుతాడు. బాకీ వసూలుకి వచ్చినవాడు వెళ్ళిపోయాక చూసుకుంటే వెంకటేశం దృష్టిలో గురువుగారి గౌరవం మరికాస్త పెరిగే ఉంటుంది.

అక్కడే మనం దొరికిపోతాం. ఎందుకంటే ఆ రంగంలో మనం కూచున్న చోటు వెంకటేశానిదే. బాకీవాడి బాధ మనకి పట్టదు, పూటకూళ్ళమ్మ కష్టార్జితం గుర్తుకురాదు. గురువుగారు ఈ ఇరకాటంలోంచి ఎలా బయటపడతారా అని నోరు తెరుచుకుని చూస్తాం. పిల్లాడు గురువుకి చుట్టలు ఇచ్చుకుంటాడు, మనం మన చప్పట్లు ఇచ్చుకుంటాం. గిరీశం తన దగ్గరున్న ఏకైక ఆస్తిని, అంటే మాటని, ఎదుటివాడికి ధారాళంగా పంచుతాడు. పిసినారితనం ఒక్కటీ ఆ మనిషిలో లేదు. ఒక పరీక్ష తప్పిన కుర్రాణ్ణి కూచోబెట్టుకుని దేశోద్ధారణ గురించీ వితంతు వివాహాల గురించీ సమానుడితో మాట్లాడినట్టు మాట్లాడాడంటే, ఆ కుర్రాడికి అప్పటిదాకా అంత గౌరవం ఇచ్చినవాళ్ళెవరు? ఇంట్లో తండ్రి మాటలు ముందు, చెయ్యి తరవాత కాదు, చెయ్యే ముందు. వెంకటేశం గిరీశాన్ని ఎందుకు వదలడో నాకు బాగా అర్థమవుతుంది.

ఇక కృష్ణరాయపురం వెళ్ళాక చూడండి. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు ప్రథమకోపి. గుమ్మంలోకొచ్చిన ఈ ఇంగ్లీషు చుట్టాన్ని చూసి మండిపడతాడు. ఆయనకి ప్రాణం ఎక్కడుందో గిరీశం కాసేపట్లో పసిగడతాడు. అవధాన్లుగారి ప్రాణం వ్యాజ్యాల్లో ఉంది. దాయాదులతో కోర్టు గొడవలంటే ఆయనకి పంచభక్ష్య పరమాన్నాలు. కాగితాలు ఇంగ్లీషులోకి నేను తర్జుమా చేసిపెడతాను అన్నాడో లేదో, తన్ని తగలేద్దామనుకున్నవాడే ఇంట్లో పెట్టుకున్నాడు. వెంకమ్మగారికేమో కొడుకు ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని ముచ్చట. గురుశిష్యులిద్దరూ నిలబడి, బళ్ళో కంఠతా పెట్టిన పిల్లల పద్యాలూ వాచకంలోని ముక్కలూ ఒకరికొకరు అప్పజెప్పుకుని, అదే సంభాషణ అనిపిస్తారు. ఆ తల్లి మురిసిపోతుంది. చదువుతున్న మనకి పొట్టచెక్కలవుతుంది. కాని ఆగి ఆలోచిస్తే అక్కడ మోసపోయినవాళ్ళెవరు? ఆవిడ కోరుకున్నది ఆవిడకి దొరికింది. ఇంగ్లీషు చదువు పేరు చెప్పి ఇంతకంటే పెద్ద మొత్తాలు గుంజి ఇంతకంటే తక్కువ ఆనందం ఇచ్చే ఏర్పాట్లు మనం ఇవాళ కూడా చూస్తున్నాం.

ఈ మనిషికి ఎదుటివాడి కోరిక కనిపెట్టే శక్తి ఉంది. వెంకటేశానికి పెద్దవాణ్ణయ్యాననిపించుకోవాలని, అవధాన్లుకి కేసు గెలవాలని, బుచ్చమ్మకి తన బతుకు ఇంతటితో అయిపోలేదని ఎవరైనా చెబితే వినాలని. ఎవరికి కావలసిన బొమ్మ వాళ్ళకి గీసి చేతిలో పెడతాడు. తన బొమ్మ మాత్రం ఎక్కడా గియ్యడు. అసలు గిరీశం నమ్మేదేమిటి? వితంతు వివాహాన్ని నమ్మాడా? నాటకం అంతా గాలించినా జవాబు దొరకదు. కొన్నిచోట్ల తన మాటలకి తనే కరిగిపోయినట్టు కనిపిస్తాడు. ఆ కాస్త అనుమానం ఉండబట్టే మనం అతన్ని పూర్తిగా తోసిపుచ్చలేం.

రామప్పపంతుల్ని పక్కన నిలబెట్టి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. ఆయనా అబద్ధాలకోరే. ఆయనా డంబాలపోగే. గిరీశం తరవాత మధురవాణిని ఉంచుకున్నది కూడా ఆయనే. కోర్టుల్లో పలుకుబడి ఉందంటాడు, పోలీసులు తన జేబులో ఉన్నారంటాడు. అయినా రామప్పపంతులంటే ముచ్చటపడినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. తేడా ఎక్కడొచ్చిందంటే, పంతులికి తనమీద తనకి నవ్వు రాదు. ఎదుటివాణ్ణి తగ్గించి తను పెరుగుదామని చూస్తాడు. గిరీశం ఎదుటివాణ్ణి కూడా తనతోపాటు ఎత్తుకుపోతాడు. మధురవాణి ఇంట్లో ఇద్దరూ ఒకే మంచం కింద దూరిన ఘట్టం ఉంది కదా. పూటకూళ్ళమ్మ చీపురుకట్ట పట్టుకుని గిరీశం కోసం వస్తుంది. దెబ్బ రామప్పపంతులు తింటాడు. దెబ్బ ఎవరు తినాలో గురజాడకి తెలుసు. మనకీ తెలుసు. దెబ్బ తప్పించుకున్నవాడివైపే మన సానుభూతి పోవడం న్యాయమా అంటే న్యాయం కాదు. మధురవాణి కంటె పెళ్ళిపిల్ల మెడలో వెళ్ళి తిరిగిరాక పంతులు పడ్డ పాట్లు చూసి కూడా ఎవరూ అయ్యో అనరు.

ఇప్పుడు ఆ కాలం సంగతి కాస్త చెప్పుకోవాలి. లేకపోతే గిరీశం ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో తెలియదు. విజయనగరం మహారాజా ఆనందగజపతి ఈ జిల్లాలో మూడేళ్ళ కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళ పట్టీ తయారుచేయించారు. లెక్కకొచ్చినవే 1034. ఆ పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళున్నారు, మూడేళ్ళవాళ్ళున్నారు, ఏడాది పిల్లలు ముగ్గురున్నారు. గురజాడ మొదటి కూర్పు పీఠికలో ఈ అంకెలిచ్చారు. అటు రాజమండ్రిలో వీరేశలింగంగారు 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం జరిపించారు. సంఘసంస్కారం, స్త్రీవిద్య, దేశాభిమానం లాంటి మాటలు కొత్తగా ఊళ్ళోకొచ్చాయి. వాటి వెనక నిలబడి వెలి అయినవాళ్ళున్నారు, ఆస్తులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆ మాటల్ని నోట వేసుకుని తిరిగితే మర్యాద దొరుకుతుందని కనిపెట్టినవాళ్ళూ ఉన్నారు.

గురజాడ ఏ పక్షమో అందులో అనుమానం లేదు. ఆయన సంస్కరణ కావాలన్నవాడు. అలాంటాయన సంస్కరణ మాటలన్నీ తీసుకెళ్ళి ఒక అప్పులాడి నోట్లో పెట్టాడు! మామూలు రచయితైతే ఆ మాటలు వకీలు సౌజన్యారావు పంతులుకిచ్చి, జనం చేత చప్పట్లు కొట్టించి ఇంటికి పంపేవాడు. ఇక్కడ సౌజన్యారావుగారు మంచివాడే, ఆయన మాటల్లో ఉప్పు తక్కువ. ఉప్పూ కారం అంతా గిరీశానికే దక్కింది. అది కూడా ఎలాంటి తెలుగులో! గిడుగు రామమూర్తిగారూ గురజాడా విజయనగరంలో ఒకే తరగతిలో చదువుకున్నవాళ్ళు. మనిషి మాట్లాడే భాషే రాసే భాష కావాలని ఇద్దరూ పోరాడారు. ఆ పోరాటంలో దిగిన అసలు సిపాయి నన్నడిగితే గిరీశమే. సగం ఇంగ్లీషు, ఒక ముక్క సంస్కృతం, అడుగున మన ఉత్తరాంధ్ర యాస. ఇన్నీ కలిపి ఆగకుండా దొర్లించుకుపోయే నోరు అంతకుముందు తెలుగు అచ్చులో లేదు. మనం ఇవాళ ఫోన్లో మాట్లాడుతున్నది ఇంచుమించు ఆ భాషే.

ఇలాంటివాడు మనకొక్కరికే పుట్టలేదు. కన్యాశుల్కం మొదటి కూర్పు వచ్చిన 1897లోనే నల్లసముద్రం ఒడ్డున ఒడెస్సా అనే రేవుపట్నంలో ఇల్యా ఇల్ఫ్ పుట్టాడు. అదే ఊరివాడు యెవ్గేనీ పెత్రోవ్. ఇద్దరూ కలిసి రాసిన హాస్యనవల ‘పన్నెండు కుర్చీలు’ 1928లో వచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీకి సోవియట్ సహకారం అందిన రోజుల్లో రష్యన్ ఇంజనీర్లు ఈ ఊళ్ళో కాపురముండేవారు. వాళ్ళలో ఎవరినైనా కదిపితే ఆ నవల్లోని ఓస్తాప్ బెండర్ పేరు చెప్పి నవ్వేవారని ఊహించడానికి పెద్ద ధైర్యమేం అక్కర్లేదు. మనకి గిరీశం ఎలాగో వాళ్ళకి బెండర్ అలాగ.

కథ చిన్నదే. విప్లవంలో ఆస్తి పోయిన ఒక జమీందారీ ఇంటి ముసలావిడ, చచ్చిపోతూ, నగలన్నీ పన్నెండు కుర్చీల్లో ఒకదాని మెత్తలో కుట్టేశానని అల్లుడికి చెబుతుంది. ఆ కుర్చీలు ఎక్కడెక్కడికో చెదిరిపోయాయి. అల్లుడికి తోడుగా బెండర్ బయల్దేరతాడు. చేతిలో కానీ లేదు, బుర్రలో లేని ఉపాయం లేదు. వోల్గా ఒడ్డున వాసుకీ అనే చిన్న ఊళ్ళో దిగి చదరంగంలో పెద్ద మొనగాణ్ణని చెప్పుకుంటాడు. అసలు అతను ఆ ఆట ఆడటం జీవితంలో అది రెండోసారి. అయినా ఆ ఊరి చదరంగం సంఘంవాళ్ళకి ఒక కల చూపిస్తాడు. ఇక్కడ ప్రపంచ పోటీలు పెడదాం, రైళ్ళొస్తాయి, మేడలొస్తాయి, రాజధానే ఇక్కడికొస్తుంది, చివరికి వేరే గ్రహాలవాళ్ళు కూడా ఆడటానికొస్తారు అంటాడు. వాళ్ళు వింటారు. టిక్కెట్లు కొంటారు. ఆట మొదలయ్యాక వరసగా ఓడిపోతూ, గుట్టు బయటపడగానే డబ్బు పట్టుకుని నదివైపు పరుగు. చదువుతుంటే మనం ఎవరివైపు పరిగెడతాం? పడవవైపే.

ఆ నవల పుట్టుక కూడా బెండర్ వ్యవహారంలాగే ఉంటుంది. పెత్రోవ్ అన్నగారు వలెంతీన్ కతాయెవ్ అప్పటికే పేరున్న రచయిత. కుర్చీల ఆలోచన ఆయనది. నువ్వూ ఇల్ఫూ రాయండి, నేను దిద్దుతాను అని చెప్పి వెళ్ళాడట. తిరిగొచ్చి కొంత విని, దిద్దడానికేమీ లేదు, ఇది మీ పుస్తకమే, నాకు అంకితమివ్వండి, మొదటి పారితోషికంలోంచి బంగారు సిగరెట్ పెట్టె ఒకటి కొనివ్వండి అన్నాడట. వాళ్ళు కొనిచ్చారు. కాకపోతే ఆడవాళ్ళు వాడే చిన్న పెట్టె. బరువు తక్కువ కదా.

బెండర్, గిరీశం ఇద్దరూ ఒకే రకం సంధికాలంలో పెరిగిన మొక్కలు. పాత అధికారం కూలిపోయింది లేదా కూలుతోంది. కొత్త నినాదాలొచ్చాయి. ఆ నినాదాల విలువ ఎంతో ఎవరికీ ఇంకా తెలియదు. అలాంటి సందులో నోరున్నవాడు రాజు. అయితే రష్యన్ రచయితలిద్దరూ తమ పని కొంత తేలిక చేసుకున్నారు. బెండర్ చేతిలో మోసపోయినవాళ్ళలో ఎక్కువమంది అత్యాశపరులు, పిరికివాళ్ళు, దొంగచాటుగా పాత రోజులు తిరిగిరావాలని కోరుకునేవాళ్ళు. వాళ్ళ డబ్బు పోతే మనకేం బాధ లేదు. నవ్వుకి అడ్డేం రాదు.

గురజాడ ఆ తేలిక తీసుకోలేదు. గిరీశం దారిలో బుచ్చమ్మని పెట్టాడు.

బుచ్చమ్మ ఎవరు? చిన్నతనంలో తండ్రి డబ్బు తీసుకుని ముసలివాడికిచ్చి పెళ్ళి చేస్తే, విధవగా పుట్టింటికి తిరిగొచ్చిన పిల్ల. ఇప్పుడు చెల్లెలు సుబ్బిని కూడా ముసలి లుబ్ధావధాన్లుకి 1800 రూపాయలకి ఖాయం చేస్తుంటే చూస్తూ ఉంది. ఆమెకి అత్యాశ లేదు, డంబం లేదు, ఎవరినీ మోసం చేయలేదు. గిరీశం చెప్పేవి నమ్మడానికి ఆమె తెలివితక్కువది కూడా కాదు. ఆ ఇంట్లో ఆమెని మనిషిగా చూసి, ఎదురుగా కూచుని, నీకు మళ్ళీ పెళ్ళి చేసుకునే హక్కుంది అని చెప్పినవాడు అతనొక్కడే. చెప్పిన మాట నిజం. చెప్పిన మనిషి నమ్మదగ్గవాడు కాడు. ఈ రెండూ ఒకచోట పడ్డాక నవ్వడం అంత సులువు కాదు. తన పెళ్ళి మాటే కాదు, చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందనే ఆశ కూడా చూపించి ఆమెని బండెక్కించాడు. మొదటి అంకంలో మనం కేరింతలు కొట్టింది ఈ నోరు చూసే.

నాటకం చూసి బయటికొచ్చే మగవాళ్ళు గిరీశం డైలాగులు అనుకరించుకుంటూ పోవడం మామూలే. ఆడవాళ్ళనడిగితే వేరే జవాబొస్తుంది. మా బంధువుల్లో ఒక పెద్దావిడ, కన్యాశుల్కం సినిమా చాలాసార్లు చూసినావిడ, గిరీశం గురించి ఎవరు మురిసిపోయినా ఒకటే అనేవారు: “వాడి నోటికేం, బుచ్చమ్మ మొహం చూడండర్రా ముందు.” పండితులు రాసిన విమర్శలు చదివాను గాని ఈ మాట దాటినవి కొద్ది.

సినిమా అన్నాను కనక చెబుతాను. 1955లో పి. పుల్లయ్యగారి దర్శకత్వంలో వచ్చింది. గిరీశం ఎన్.టి. రామారావు, మధురవాణి సావిత్రి, రామప్పపంతులు సి.ఎస్.ఆర్., లుబ్ధావధాన్లు గోవిందరాజుల సుబ్బారావు. సుబ్బారావుగారిని చూశాక లుబ్ధావధాన్లుని ఇంకోలా ఊహించుకోవడం నావల్ల కాలేదు. సావిత్రి గురించి కొత్తగా చెప్పేదేముంది. రామారావుగారి గిరీశం చూడముచ్చటగా ఉంటాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. అంత అందగాడికి మాటలతో పనేముంది? గిరీశం ఆకర్షణ మొహంలో ఉండకూడదు, నోట్లో ఉండాలి. ఈ సంగతి మన విజయనగరం సోదరులకి బాగా తెలుసు. జె.వి. రమణమూర్తి గిరీశంగా, అన్నగారు జె.వి. సోమయాజులు రామప్పపంతులుగా దశాబ్దాలపాటు ఈ నాటకాన్ని ఊరూరా ఆడారు. తరవాత సోమయాజులుగారిని లోకమంతా ‘శంకరాభరణం’ శంకరశాస్త్రిగా చూసింది గాని, ఆ గంభీరమైన విగ్రహం మంచం కింద దూరి చీపురుదెబ్బ తినేదంటే ఆయన సత్తా ఏమిటో తెలుస్తుంది.

నా మట్టుకు నాకు గిరీశం రేడియోకి పుట్టిన మనిషి. ఆకాశవాణి వాళ్ళు కన్యాశుల్కాన్ని శ్రవ్యనాటకంగా వినిపించినప్పుడు చుట్ట లేదు, కోటు లేదు, మొహం లేదు. గొంతొక్కటే. అయినా ఏమీ లోటనిపించలేదు. ముళ్ళపూడి వెంకటరమణ సినిమాల మీద వ్యంగ్యం రాయాలనుకున్నప్పుడు ‘గిరీశం లెక్చర్లు’ అని పేరు పెట్టి ఆ గొంతునే అరువు తెచ్చుకున్నారు. తన నాటకం దాటొచ్చి వేరే రచయిత ఇంట్లో కాపురం పెట్టడం గిరీశానికి కొత్తేం కాదు లెండి.

ఇవాళ విశాఖలో గిరీశాలున్నారా అని అడుగుతుంటారు. ఫ్యాక్టరీలో ఉద్యోగం వేయిస్తామని డబ్బు గుంజేవాళ్ళు, సముద్రం కనపడని చోట సముద్రం కనపడే స్థలాలమ్మేవాళ్ళు ఏ కాలంలోనూ ఉంటారు. కాని మోసం చేసిన ప్రతివాడికీ ఆ పేరివ్వకండి. వాళ్ళలో ఎక్కువమంది రామప్పపంతుళ్ళు. ఈ ఊళ్ళోనే వకీలుగా బతికిన రావిశాస్త్రిగారికి ఆ జాతి బాగా తెలుసు. ‘ఆరు సారా కథలు’ తిరగేస్తే కోర్టు అరుగుల మీద, పోలీసు స్టేషన్ల దగ్గర తిరిగే రకరకాల మనుషులు కనిపిస్తారు. వాళ్ళని చూసి నవ్వుతాం. ఎవరినీ ఇంటికి పిలవం.

ఇక విశాఖపట్నం అంకం. సుబ్బికి బదులు లుబ్ధావధాన్లు పెళ్ళాడిన ‘పిల్ల’ మాయమైంది. ఆ పిల్ల నిజానికి సుబ్బి మేనమామ కరటకశాస్త్రి శిష్యుడు మహేశం, ఆడవేషం. ముసలాయన మీద ఖూనీ నేరం పడింది. ఆయన తరఫున వకీలు సౌజన్యారావు పంతులు. గిరీశం అప్పటికే ఆయన దగ్గర మంచి పేరు కొట్టేశాడు. వితంతువుని పెళ్ళాడబోతున్న ఆదర్శ యువకుడు! అంత చదువుకున్న వకీలు, అంత నిజాయితీపరుడు, వెంకటేశం పడ్డ గోతిలోనే పడ్డాడు. ఆయనకి కావలసిన బొమ్మ ఆయనకి చేతికొచ్చింది మరి.

అందరి గుట్టూ విప్పే తాళంచెవి మధురవాణి దగ్గరుంది. రెండో కూర్పులో గురజాడ ఎక్కువ పెంచింది ఈమె పాత్రనే. మగవేషంలో సౌజన్యారావు ఇంటికొస్తుంది. వేశ్యల మొహం చూడనన్న పెద్దమనిషిని మాటల్లో కూచోబెట్టి, ముసలాయన్ని కేసులోంచి తప్పించే రహస్యం చెప్పడానికి ఒక ముద్దు ఖరీదు పెడుతుంది. ఆయన సందిగ్ధంలో పడితే తనే ఆపుతుంది. నాటకం మొత్తంలో గిరీశం కంటే బాగా మాట్లాడగల మనిషి ఈమె ఒక్కతే, కాకపోతే మాటని ఎక్కడ ఆపాలో ఈమెకి తెలుసు. గిరీశం ఎవరో, విజయనగరంలో ఏం వెలగబెట్టాడో ఆమె నోటి ద్వారానే సౌజన్యారావుకి తెలుస్తుంది. ఇది కూడా బాగా ఆలోచించి పెట్టిన ఏర్పాటే. ఆ మనిషి ఆకర్షణ ఎంతో కొంతకాలం దగ్గరుండి చూసి, నవ్వుకుని, వదిలేసిన మనిషి ఇచ్చిన సాక్ష్యం అది. శత్రువు చెబితే మనం నమ్మేవాళ్ళం కాదు.

ఒడెస్సా రచయితలకి తమవాణ్ణేం చెయ్యాలో తేలక, చంపాలా బతికించాలా అని రెండు చీటీలు రాసి చక్కెర గిన్నెలో వేసి తీశారట. చావు చీటీ వచ్చింది. నవల చివర భాగస్వామి చేతిలోనే బెండర్ గొంతు తెగింది. పాఠకులు ఊరుకోలేదేమో, 1931లో వచ్చిన రెండో నవల్లో మెడ మీద మచ్చతో మళ్ళీ లేచొచ్చాడు. గురజాడ చీటీలు వెయ్యలేదు. గిరీశానికి చావు లేదు, జైలు లేదు, పశ్చాత్తాపం కూడా లేదు. పోయి చదువుకోమని సౌజన్యారావు గుమ్మం చూపించాడు. పోతూ పోతూ మనవాడు అన్న చివరిమాట మీకందరికీ నోటికొచ్చు, నేను చెప్పక్కర్లేదు. ఆ మాటలో కూడా తప్పు చేశానన్న బాధ లేదు, కథ చేజారిందన్న చికాకే ఉంది.

ఆ హడావుడిలో మనం గమనించకుండా దాటిపోయే ఏర్పాటు ఒకటుంది. బుచ్చమ్మని పూనాలో వితంతువుల కోసం నడిపే గృహానికి పంపించాలని సౌజన్యారావు నిర్ణయిస్తాడు. ముందు చదువు, పెళ్ళి మాట ఆ తరవాత. తండ్రి ఒకసారి అమ్మాడు, గిరీశం ఒకసారి బండెక్కించాడు, ఇప్పుడు వకీలుగారు రైలెక్కిస్తున్నారు. మూడుసార్లూ ఆమె ప్రయాణం ఎవరో ఒక మగవాడు నిశ్చయించిందే. అయితే ఈ మూడోదాని చివర బడి ఉంది. గిరీశం ఆ తరవాత ఏమయ్యాడో ఊహించి లెక్చర్లు రాసినవాళ్ళున్నారు. బుచ్చమ్మ పూనాలో ఏం చదివింది, తెలుగు వినపడని ఊళ్ళో ఎవరితో స్నేహం చేసింది, చెల్లెలికి ఉత్తరం రాసిందా, రాస్తే గిరీశం గురించి ఏం రాసింది? ఎవరైనా ఆ పుస్తకం రాస్తే నేను మొదటి ప్రతి కొనుక్కుంటాను, అప్పు పెట్టకుండా.